సూది అక్కర్లేదన్న మాట

భూగర్భ ప్రయోగశాలలో కేబుళ్ల బాగోగులు చూసే ఎలక్ట్రీషియన్ అతను. అక్కడి యంత్రం పని న్యూట్రినోలను పట్టడం. కొండల్లోంచి, మనుషుల్లోంచి ఏ అడ్డూ లేనట్టు దూసుకుపోయే కణాలవి. కోటానుకోట్లలో ఏ ఒక్కటో పరమాణువు నడిబొడ్డున తగిలితే, చెదిరిన తునకల దారిని బట్టి ప్రోటాన్ లోపల ఎలా ఉంటుందో శాస్త్రవేత్తలు బొమ్మ కడతారు. అతనికి తెలిసింది అంతే. ఇంట్లో కోసిన కోతలు మాత్రం చాలా పెద్దవి.

"మా యంత్రానికి కనపడనిది లేదక్కా. ఇంకొన్నాళ్లు పోతే సూదీ వద్దు, కత్తీ వద్దు. ఒంట్లో ఏముందో బొమ్మ తీసి చేతిలో పెడతారు," అన్నాడోసారి భోజనాల దగ్గర.

ముందు తమ ఇంట్లో ఫ్యాను ఎందుకు తిరగడం లేదో బొమ్మ తీయించమని బావ ఆటపట్టించాడు. అందరూ నవ్వారు, అక్క తప్ప. అతను అది గమనించలేదు.

అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెబుతుంది. సూదంటే హడలిపోయే మనిషి. అప్పటికే ఆమె గొంతు పక్కన చిన్న గడ్డ లేచింది. సూదితో పరీక్ష చేయాలని డాక్టరంటే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వాయిదా వేస్తూ వచ్చింది. ఏడాది తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. బావ నిలదీస్తే అప్పుడు బయటపెట్టింది, తమ్ముడి యంత్రం వచ్చేదాకా ఆగుదామనుకున్నానని.

బావ ఫోనులో ఆ సంగతి చెప్పగానే ఎలక్ట్రీషియన్‌కు తను కోసిన కోతలు గుర్తొచ్చాయి. పరుగున అక్క ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి చెప్పేశాడు.

"అక్కా, అది రోగాలు చూసేది కాదు. ఎప్పటికైనా చూస్తుందని కూడా ఎవరూ అనలేదు. నేనే గొప్పలు పోయాను."

"నాకూ అనుమానంగానే ఉండేదిరా," అంది అక్క. "కానీ నువ్వంత ధీమాగా చెప్పావు కదా."

మర్నాడే ఆస్పత్రికి వెళ్లారు. సూది గుచ్చేటప్పుడు ఆమె తమ్ముడి చెయ్యే పట్టుకుంది. తర్వాత ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ గడ్డ గొంతు పలికించే నరాన్ని చుట్టేయడంతో దాన్నీ తీసేయాల్సి వచ్చింది. ముందే వచ్చుంటే నరం దక్కేదేమోనని డాక్టరు మామూలుగానే అన్నాడు.

అక్కను మైకు దగ్గర్నుంచి పార్సిళ్ల గదికి మార్చారు. ఆమె అతన్ని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించేది అతనికి. సెలవు దొరికితే ఆ ఇంటికే వెళ్తాడు. గుసగుసలా వచ్చే ఆమె మాట వినాలంటే బాగా దగ్గరికి జరగాలి. జరుగుతాడు, తల మాత్రం ఎత్తలేడు.