మిద్దె మీద ఆరబెట్టిన పీహెచ్‌డీ

ఒక మనిషి ఐదు నెలల కష్టాన్ని ఒక్క మధ్యాహ్నంలో బూడిదలో పోయాలంటే పగే ఉండక్కర్లేదండీ, కాస్త శ్రద్ధ చాలు. నాకది దండిగా ఉండేది.

రాయపూర్‌లో మా కాలేజీ ల్యాబులో నేను కొత్త జూనియర్ని. సీనియర్ పద్మక్క, శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే వాళ్ల అమ్మాయి. నీళ్లు వడగట్టే గొట్టాలు తయారుచేసేది. సేమ్యా అంత సన్నం, లోపల బోలు, గోడల్లో కంటికి కనబడని రంధ్రాలు. నీళ్లు దాటాలి, ఉప్పు ఆగాలి. ఆగస్టులోగా ఆమె థీసిస్ ఇచ్చెయ్యాలి.

మే నెలలో అక్క పలాసలో పెళ్లికి వెళ్తూ, "సోమవారం గైడ్ మేడమ్ ముందు టెస్టుంది, జాగ్రత్త" అంది. చూస్తే గొట్టాలన్నీ ట్రేలో నీళ్లలో నానుతున్నాయి. అయ్యో, అక్క మరిచిపోయింది, బూజు పట్టిపోతాయి అనుకున్నాను. దేవేంద్ర నగర్‌లో మా మిద్దె మీద అమ్మ పాత చీర పరిచి, వడియాల్లా వరసగా పేర్చి, పూటంతా కాకుల్ని తోలాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే ఎండబెట్టాను.

సోమవారం అక్క వచ్చేసరికే గొట్టాలు పంపుకి బిగించి పెట్టాను. పంపు వేశాం. ప్రెషర్ మీటరు ముల్లు పైకి పోతోంది, చుక్క రాలదు. ఉప్పు ఎంత ఆగిందని మేడమ్ హిందీలో అడిగారు.

"మొత్తం ఆగింది మేడమ్. నీళ్లతో సహా," అన్నాను నేను.

అక్క ఒక గొట్టం తీసి చూసింది. పుటుక్కున విరిగింది.

"ఒరే శీనూ, ఎండబెట్టేసినావేటిరా?"

"బూజు పడుతుందని..."

"తడారితే రంధ్రాలు ముడుచుకుపోతాయిరా. మళ్లీ తెరుచుకోవు యార్."

తిట్టలేదు. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. తిట్టినా బాగుండేది. మంచి చేస్తున్నానన్న ధీమా ఉన్నవాడు ఎవరినీ ఏమీ అడగడని ఆ రోజే తెలిసింది.

తర్వాత రెండు నెలలు ఇద్దరం సెలవన్నది ఎరగం. నేను బకెట్లు మోశాను, పంపు కడిగాను. గొట్టాల ట్రే దగ్గరికి మాత్రం అక్క రానివ్వలేదు. గడువుకి నాలుగు రోజుల ముందు థీసిస్ ఇచ్చేసింది.

అచ్చు ప్రతి నా చేతికొచ్చాక కృతజ్ఞతల పేజీ తెరిచాను. అమ్మానాన్నల తర్వాత నా పేరే: "తమ్ముడు శీనుకి, రెండోసారి ముట్టుకోనందుకు."

కనుక మీ అందరి సాక్షిగా ఒట్టు: తడిసినది ఏదైనా సరే, అది నా తలే అయినా సరే, పద్మక్కకు ఫోన్ చెయ్యకుండా ఆరబెట్టను.