మోచేతికి వినపడే బల్ల

ఆమెను అందరూ పెన్సిలమ్మ అంటారు. జుట్టుముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని, అది అక్కడుందని మరిచిపోయి, ఇంకోదాని కోసం ఇల్లంతా వెతుకుతుంది. ఇరవై రెండేళ్లుగా రేడియో ప్రకటనలకు పాటలు రాస్తోంది. సబ్బులు, టైర్లు, దోమల మందు. మహా కవిత్వమేమీ కాదు. ఆ మాట ఎవరికన్నా ముందు ఆమే చెబుతుంది. బాణీ కట్టేది వదిన, అన్న భార్య.

ఈ ఆరేళ్లలో రెండు చెవులూ పోయాయి. లోపం కూడా వరమేననీ, మౌనంలో సంగీతం ఉంటుందనీ ఓదార్చడానికి వచ్చినవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేసింది. "అంత బాగుంటే మీరూ పోగొట్టుకోండి" అంది. చెవికి మిషను పెట్టుకుని పెదాలు చూస్తే మాటలు ఎలాగో అందుతాయి. పాట మాత్రం రేకు మీద ఇసుక పోసినట్టుంటుంది.

అందుకని వదినా ఆడపడుచూ ఒక పద్ధతి కనిపెట్టారు. బల్లకు ఒక అంచున వదిన కుడిచేత్తో కీబోర్డు వాయిస్తూ ఎడమచేతి కణుపులతో దరువు వేసేది. ఎదుటి అంచున పెన్సిలమ్మ మోచెయ్యి ఆనించి, చెక్కలోంచి వచ్చే దెబ్బల మీద మాటలు పేర్చేది.

మూడు నెలల కిందట ఇల్లు మారారు. పాత బల్ల కొత్తింటి మెట్ల మలుపులో ఇరుక్కుంది. కోస్తే గానీ బయటికి రాలేదు. పని చేసుకోవడానికి మిగిలింది వంటింటి పక్కన సామాన్ల గది. అందులో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు దాటిన బల్ల పెడితే తలుపు తెరుచుకోదు. ఆ మూడు నెలల్లో పెన్సిలమ్మ ఒక్క పంక్తి రాయలేదు. శుక్రవారంలోగా పాట ఇవ్వకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని గోడల రంగుల కంపెనీ కబురు పెట్టింది. ఈ పాట పోతే ఇంకెప్పుడూ రాయలేనని ఆమె భయం.

పాత సామాన్ల షాపులో వదిన ప్రతి బల్లనూ కొట్టింది, పెన్సిలమ్మ మోచెయ్యి ఆనించింది. రంపప్పొట్టు అట్టలతో చేసిన బల్ల దెబ్బను మింగేసింది. మడత బల్ల కాళ్లు గజగజలాడాయి.

"నాడి చూస్తున్నారా అమ్మా, జ్వరం ఏమన్నా ఉందా?" అన్నాడు షాపాయన.

"జ్వరమా! మీ షాపులో అన్నిటికీ ఒళ్లు ఎప్పుడో చల్లబడిపోయింది" అంది వదిన.

వెనక వరసలో సన్నని చెక్కబల్ల ఒకటుంది. పెన్సిలమ్మ చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

"ఇదే వదినా! ఏడు దెబ్బలు, ఒక ఆగుడు, మళ్లీ ఏడు. బాగుంది, ఆపకు."

వదిన గుమ్మం దగ్గర ఇంకో బల్ల కొలుస్తోంది. రెండు చేతుల్లోనూ టేపు ఉంది. ఇద్దరి మధ్యా నాలుగు బీరువాలున్నాయి.

"ఇక్కడేమన్నా మోటారు తిరుగుతోందా?" అని షాపాయన్ని అడిగింది.

"పొద్దుట్నుంచి కరెంటే లేదమ్మా."

"ఎవరిదీ బల్ల?"

"ఎవరో ఇల్లు ఖాళీ చేసి పంపారు. ఇద్దరు తీసుకెళ్లి తిరిగిచ్చేశారు, ఊగుతోందని. మీరే చూడండి, ఊగుతోందా?"

ఊగలేదు. నేను కొట్టలేదే పిల్లా, అందామనుకుంది వదిన. ఈలోపు పెన్సిలమ్మ కళ్లు తెరిచింది. ఆ ముఖంలో అంత ప్రాణం చూసి మూడు నెలలైంది.

"కొలత సరిపోయింది. తీసుకుందాం" అంది వదిన.

గురువారం మధ్యాహ్నం పనికి కూర్చున్నారు. వదిన దయ్యాలూ భూతాలూ నమ్మే మనిషి కాదు. ఫ్రిజ్ ఆపింది, ఫ్యాన్లు ఆపింది, కిందికి దిగి నీళ్ల మోటారు ఆగి ఉందని చూసొచ్చింది. బల్లకు చెంప ఆనించింది. చెక్క, అంతే. కుదుటపడి, నాలుగు దెబ్బల హుషారైన బాణీ ఎత్తుకుంది.

పెన్సిలమ్మ గబగబా పేజీ నింపేసింది. ఇవతల్నుంచి వదిన ఆ పంక్తులను తలకిందులుగా చదివింది. మాటలు నాలుగుకు కాదు, ఏడుకు తూగుతున్నాయి. రంగుల ఊసే లేదు. పాటలో గోడలోంచి ఎవరో వెలుతురు ఎటుందని అడుగుతున్నారు. అడిగిందే అడుగుతున్నారు, ఒక్కోసారి ఇంకాస్త దగ్గరగా.

వదిన వాయించడం ఆపి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పెన్సిలు ఆగలేదు.

ఆ మోచేతిని పట్టుకుని బల్ల మీంచి లాగేయొచ్చు. జానెడు దూరం. లాగేస్తే ఈ మనిషి ఇంక రాయదు, ఆ సంగతి వదినకు తెలుసు. చెయ్యి చాపింది. కాసేపు అలాగే గాల్లో ఉంచింది. చివరికి ఇంకో తెల్లకాగితం తీసి ఆడపడుచు వైపు జరిపింది.

"కాస్త నెమ్మదిగా వదినా" అంది పెన్సిలమ్మ, తలెత్తకుండానే. "ఇంత వేగమైతే నావల్ల కాదు."