ఒక్క యోధురాలి కట్ట

మా ఇంట్లో పేక ముట్టుకుంటే పాపం. అందుకే అక్కా నేనూ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరలైనా మార్చుకోకుండా మంచమ్మీద బొమ్మల కార్డులు పరిస్తే అమ్మ గుమ్మంలోనే ఆగిపోయేది.

"పేక కాదమ్మా, ఇవి మంత్రాలూ, డ్రాగన్లూ," అన్నాను ఓసారి.

"మరీ బాగుంది!" అంది అమ్మ.

అక్క ప్రభుత్వాసుపత్రిలో నర్సు. నేను మా యానాం దగ్గరే ఫరంపేటలో పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ ఆటలో ఎవరి కార్డుల కట్ట వాళ్లే కూర్చుకోవాలి. అక్క ఎప్పుడూ పెద్ద సైన్యాన్ని దింపేది, నేనెప్పుడూ ఓడేదాన్ని. అక్కకు యానాం నుంచి ఎక్కడో కేరళ వైపున్న మాహేకి బదిలీ అయిందని తెలిశాక, వెళ్లేలోగా ఒక్కసారైనా గెలిచి తీరాలని పంతం పట్టాను.

అప్పుడే ఓ ఊహ తట్టింది. కట్ట మొత్తానికి ఒకే ఒక్క పాత్ర ఉంటే? ఒక్క యోధురాలు, మిగతా కార్డులన్నీ ఆమె కోసమే. ఆమె త్వరగా చేతికి రావాలి కాబట్టి, కట్టలోంచి వెతికి తెచ్చే కార్డులు ముందు పెట్టాను. తర్వాత కత్తులు, డాళ్లు. ఎన్ని తగిలిస్తే ఒక్కత్తి పదిమంది పెట్టు అవుతుందో చూడాలని భలే కుతూహలంగా ఉండేది.

"ఒంటికాయ శొంఠికొమ్ములా ఉందే నీ పిల్ల," అంటూ అక్క ఒకే కార్డుతో ఆమెను పడగొట్టేసింది. ఇంకేముంది? నా చేతినిండా కత్తులే, పట్టేవాళ్లు లేరు.

"పడిపోకుండా ఎంతకని కాపలా కాత్తావే? పడ్డాక ఎలా లేత్తాదో అది సూసుకో," అంది అక్క.

పప్పులో కాలేశానని అర్థమైంది. వారమంతా దిద్దాల్సిన పరీక్ష పేపర్లు పక్కన పెట్టి మరీ ఆలోచించాను. సగం కత్తులు తీసేసి, పడిన పాత్రను మళ్లీ లేపే కార్డులు మూడు పెట్టాను. అంతకు మించి ఆట ఒప్పుకోదు.

అక్క ప్రయాణానికి ముందు వచ్చిన ఆదివారం మళ్లీ కూర్చున్నాం. అక్క పడగొట్టింది, నేను లేపాను. మళ్లీ పడగొట్టింది, మళ్లీ లేపాను. మూడోసారి కూడా లేచి నిలబడేసరికి అక్క దగ్గర పడగొట్టే కార్డులు అయిపోయాయి. గెలిచాను! గదంతా గెంతాను. వంటింట్లోంచి అమ్మ కూడా "ఎవరు గెలిచారే?" అని అడగనే అడిగింది.

అక్క మాత్రం వాడేసిన కార్డులు తిరగేసి, లేపే కార్డు ఒకటి బయటికి తీసింది.

"ఇది నాకిచ్చెయ్యే."

"అంత సైన్యం పెట్టుకుని నీకిదెందుకే?"

"సైన్యమంతా ఇక్కడే కదే ఉంటాది. అక్కడ నేనొక్కత్తినే."

గెలిచిన సంబరం చప్పున చల్లారిపోయింది. మా అక్కకు భయమేస్తుందని నాకు అంతవరకూ తెలీదు. ఏడుపొచ్చింది. ఆ కార్డు ఆమె చేతిలో పెట్టాను. కాస్త ఆగి, మిగిలిన రెండూ కూడా దాని మీద పెట్టేశాను.