పాదాలు వినని బ్రేకు

మలేసియా కొండల కింద మా తాపా ఊళ్లో బహ్రిన్ స్కూలు వ్యాన్ వెనక ఇరుక్కుంటే ఆ పూట ఇంక పని చెడినట్టే. అంత నెమ్మది. "దాన్ని తాబేలు దాటేసి పోయి, టీ తాగి, గ్లాసు కడిగి పెట్టేస్తుంది" అని మా వీధి ఆడవాళ్లం నవ్వుకునేవాళ్లం. నవ్వినా పిల్లల్ని మాత్రం ఆయన వ్యాన్‌లోనే ఎక్కించేవాళ్లం.

ఆ మనిషి వయసులో ఉండగా కొండ రోడ్డు మీద ఎవరికీ అందేవాడు కాదంటే కొత్తవాళ్లు నమ్మరు. అప్పట్లో పెలందుక్ అని ఒక బుల్లి కారు వచ్చేది. మా అడవుల్లో కుందేలంత జింక ఉంటుంది కదా, దాని పేరే. మూడే తలుపులు. మొండి తోక. ఇంజను అరిచిందంటే తేయాకు తోటల్లో ఆకు కోసేవాళ్లు తలలెత్తి చూసేవాళ్లు. బహ్రిన్‌ది పసుపుపచ్చ బండి. అందులో కూర్చునే ముందు, ఇంట్లోకి వెళ్తున్నట్టు, రబ్బరు చెప్పులు రోడ్డు మీదే విడిచేవాడు.

"చెప్పులేసుకుని తొక్కేవాడితో బండి ఏం మాట్లాడుతుందిరా? బ్రేకుని పాదంతో వినాలి" అనేవాడు. వాళ్ల పెలందుక్ గుంపంతా అదే పట్టుకుంది. ఇవాళ్టికీ ఆ కార్ల పిచ్చోళ్లు ఎక్కడ పోగైనా, బళ్ల పక్కన చెప్పుల బారు చూసి దారినపోయేవాళ్లు ఇక్కడేదో నమాజు జరుగుతోందనుకుంటారు.

కూతురు పుట్టాక బహ్రిన్ ఆ కారు అమ్మేశాడు. తర్వాత కొన్నాళ్లకు కంపెనీవాళ్లు దాన్ని చేయడమే మానేశారు.

అలాంటిది పోయినేడు పెలందుక్ మళ్లీ వస్తోందని ఫోన్లలో బొమ్మలు తిరిగాయి. ఆ రోజు తమిళ ముస్లింలు నడిపే మామక్ టీ కొట్లో గోల చూడాలి. బొజ్జలు, బట్టతలలు వచ్చిన మగాళ్లందరూ ఒక్కసారిగా పాతికేళ్ల కుర్రాళ్లయిపోయారు. మెకానిక్ కోక్ వాయ్, అంటే బహ్రిన్ ప్రాణ స్నేహితుడు, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"నాలుగు తలుపులేంట్రా దీనికి? ఇది జింకా, దున్నపోతా?"

"నీ నడుం చూసుకున్నావా? నువ్వు లావెక్కితే లేదుగానీ అది లావెక్కకూడదా?" అన్నాడు బహ్రిన్.

"అది సరే, కరెంటు బండంట. అరుపే లేదు. మూగది."

"మూగదైతేనేం, పెలందుకే కదరా!" అంటుంటే బహ్రిన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరూ వెక్కిరించలేదు.

అదే వారం జరిగిందొకటి. బహ్రిన్ భార్య రోస్నాని నాకు చాలా తర్వాత చెప్పింది. ఒక సాయంత్రం ఆయన వ్యాన్ దిగి ఇంట్లోకి వస్తుంటే ఒక కాలికే చెప్పుంది.

"రెండోదేది, బాంగ్?" అందట. మా దగ్గర మొగుణ్ణి అలాగే పిలుస్తారు.

ఆయన కిందికి చూసి తెల్లబోయాడట. ఎక్కడ జారిపోయిందో తెలీదు. జారినట్టే తెలీదు.

ఎప్పటినుంచో చక్కెర జబ్బు. పాదాల్లో నరాలు చచ్చుబడ్డాయని డాక్టరు అంతకుముందే చెప్పాడట, బండి నడపొద్దనీ చెప్పాడట. ఈయన ఇంట్లో చెప్పలేదు. అప్పుడు అర్థమైంది రోస్నానికి, వ్యాన్ రోజురోజుకీ ఎందుకు నెమ్మదిస్తోందో. ఆయన కాలిని కళ్లతో చూసుకుని తొక్కుతున్నాడు.

"ఎవరికీ చెప్పకే. వ్యాన్ పోతే తినేదేంటి?" అని చేతులు పట్టుకున్నాడట. చెబితే కూడు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో ఊహించడానికే రోస్నానికి ధైర్యం చాల్లేదు. రోజూ పిల్లలు ఎక్కి తలుపు పడ్డ చప్పుడు దగ్గర్నుంచి, ఖాళీ వ్యాన్ తిరిగొచ్చేదాకా ఉడుకుతున్న అన్నం ముందు అలా నిలబడిపోయేదట.

కొత్త పెలందుక్ ఒకటి షోరూమువాళ్లు ఆదివారం సరదాకి ఇచ్చారు. కొండ సగంలో జలపాతం దగ్గర అందరూ కలవాలి, అక్కడినుంచి కిందికి మొదట నడిపేది బహ్రినే అని గుంపంతా తీర్మానించింది. నేనూ రోస్నానీ నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం పొట్లాలు పట్టుకుని వెనక బండిలో వెళ్లాం. దారి పొడుగునా అది ముందు బండినే చూస్తూ కూర్చుంది. లోయలోంచి మంచు పైకి పాకుతోంది. పక్షి కూత కూడా లేదు.

కొత్త కారు పసుపుపచ్చగా, లోయ వైపు ముక్కు పెట్టుకుని నిలబడి ఉంది. దాని ముందు మోకాలెత్తు గోడ, అవతల ఏమీ లేదు. అందరూ చెప్పులు విడిచారు. బహ్రిన్ కారు చుట్టూ తిరిగాడు, తడిమాడు, ఫొటోలు దిగాడు. అంతలో ఎవరో అన్నారు, "ఇదేంటి, రక్తం?"

తారు మీద ఎర్రటి అడుగులు. ఎవడో పగలగొట్టిన సీసా పెంకు గుచ్చుకున్నట్టుంది. మగాళ్లందరూ కొంగల్లాగా ఒక్కో కాలే ఎత్తి చూసుకున్నారు.

"నాది కాదు."

"నాదీ కాదు."

"ఎవడోగానీ పాపం, గట్టిగానే తెగింది" అని నవ్వుతూ బహ్రిన్ కార్లో కూర్చుని తలుపేసుకుని బండి ఆన్ చేశాడు.

ఆ అడుగులు కారు చుట్టూ తిరిగి తిరిగి ఆ తలుపు దగ్గరే ఆగిపోయాయి. నవ్వులూ ఆగిపోయాయి.

రోస్నాని నా చేతిలో పొట్లాలు పెట్టి, వెళ్లి కారు ముందు నిలబడింది. గోడకీ కారుకీ మధ్య.

"దిగండి, బాంగ్."

"పక్కకి రా. అందరూ చూస్తున్నారు."

"చూడనీయండి. కోక్ వాయ్, ఆయన కాలు చూడు. ఆయనకి పాదాలు తెలీవు. ఎన్నాళ్లనుంచో తెలీవు."

"ఒరే బహ్రిన్, దిగరా" అన్నాడు కోక్ వాయ్ మెల్లగా.

"దానికి భయం ఎక్కువ. బ్రేకు మీదే ఉందిగా నా కాలు! ఇదిగో, నొక్కి పట్టుకున్నా, చూడండి..."

పాత బండైతే ముందే అరిచేది. ఇది అరవలేదు. చప్పుడు లేకుండా ముందుకి దూకింది. నేను కళ్లు మూసేసుకున్నాను. టింగు టింగుమని ఏదో మోత. కళ్లు తెరిచేసరికి కారు రోస్నాని మోకాళ్లకి జానెడు దూరంలో ఆగి ఉంది. ఆపింది బహ్రిన్ కాదు. ఎదురుగా మనిషుందని కారే తనంతట తాను పట్టేసుకుంది. రోస్నాని కదల్లేదు. కదలడానికి దాని వెనక చోటు లేదు.

బహ్రిన్ వంగి కిందికి చూశాడు. ఆయన కాలు బ్రేకు మీద లేదు. ఇంకా పక్కనున్న యాక్సిలరేటర్నే నొక్కుతోంది. చేత్తో పట్టుకుని, వేరేవాళ్ల కాలిని తీసినట్టు తీశాడు.

దిగాడు. తాళం కోక్ వాయ్‌కి ఇచ్చాడు. "వ్యాన్ తాళం కూడా నీ దగ్గరే పెట్టు. నేను అడిగినా ఇవ్వకు" అన్నాడు.

ఆ సాయంత్రం కాలికి కట్టుతో గడప గడపకీ వచ్చి తనే చెప్పాడు. కొందరు తిట్టారు. ఒకావిడ చీపురెత్తింది. మా గుమ్మంలో నిలబడి, "మీవాడు రోజూ నా వెనక సీట్లోనే కూర్చునేవాడమ్మా" అన్నాడు. లోపల మావాడు మర్నాటికి సంచి సర్దుకుంటున్నాడు, రేపు వ్యాన్ వస్తుందా అని కేకేసి అడుగుతున్నాడు.