డార్విన్ వానలో గుగ్గిలం పూత

శనివారం ఉదయం ఏడింటికి మా యూనివర్సిటీ ఉన్న క్లేటన్‌లో రైలెక్కాను. సదరన్ క్రాస్ స్టేషన్‌లో దిగి, బస్సులో ఎయిర్‌పోర్టు చేరి, దేశానికి ఉత్తర కొసనున్న డార్విన్ నగరానికి విమానం అందుకున్నాను. వానాకాలంలో అటు వెళ్ళేవారు తక్కువ గనుక టికెట్ చవగ్గా దొరికింది. నాకు కావలసిందీ వానే.

మా ల్యాబ్‌లో నాతో చదివే జ్యోతి గుగ్గిలాన్ని అవిసె నూనెలో కరిగించి తాటాకు చాపలకు పూస్తుంది. ఇక చాప నీరు పీల్చదని ఆమె వాదన. ల్యాబ్‌లో నీటి తొట్టిలో చెడకుండా నిలిచినంత మాత్రాన నేను ఒప్పుకోలేదు. పూసిన చాప ముక్కలూ పూయనివీ డార్విన్‌లో నాకు తెలిసిన రూతు ఆంటీకి పంపి, ఆరుబయట వేలాడదీయమన్నాము. పూసినవీ పాడైతే సోమవారం మీటింగ్‌లో జ్యోతి తన పరిశోధన టాపిక్ వదులుకోవలసిందే.

పక్క సీటులోని వరంగల్ ఆయన సంగతి విని నవ్వాడు. "గుగ్గిలంతోని ధూపమేస్తరు గదా తమ్మీ! వాన ఆగుతదా?"

"అదే చూడబోతున్నానన్నా."

కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న ఆంటీ మధ్యాహ్నం కారులో ఇంటికి తీసుకెళ్ళి, చేపల పులుసుతో భోజనం పెట్టింది. పెరట్లో తీగ మీద ముక్కలు లేవు.

"ముక్కలేవి ఆంటీ?"

"మబ్బు పట్టగానే తీసి లోపల పెట్టేసేదాన్ని బాబూ. ఒక్క చుక్క పడనిస్తేగా!"

"తడవాలనే కదా పంపాం!"

"తడవకూడదనే కదరా పూత పూశారు?"

లోపలికెళ్ళి లెక్కపెట్టాను. బీరువాలో దొంతరగా ఉన్న ముక్కల్లో రెండు తక్కువయ్యాయి. వాటిని ఆంటీ మొదట్లోనే మొక్కల కుండీల కింద వేసిందట. పుదీనా కుండీ కింద ఉన్నది పూత లేనిది; ఎత్తబోతే చేతిలో చితికిపోయింది. కరివేపాకు కుండీ కింద ఉన్నది పూత పూసినది. రోజూ నీటిలో నానినా నడుమ గట్టిగానే ఉంది. కోసిన అంచులు మాత్రం ఉబ్బి నల్లబడ్డాయి. జ్యోతి చాపకు పూత పూశాకే ముక్కలు కోసింది. కోసినచోట పూత లేదు. నీరు చొరబడింది అక్కడే.

ఒక్క ముక్కతో ఏదీ రుజువు కాదు. పైగా రెండు కుండీలకూ పోసిన నీరు సమానమని చెప్పలేను. అయినా లోపం ఎక్కడుందో కంటికి కనిపిస్తోంది.

ఆదివారం సాయంత్రం బోర్డింగ్ క్యూలో ఉండగా జ్యోతి ఫోన్ చేసింది.

"టాపిక్ మార్చుకోనా?"

"వద్దు. ఇకమీదట కోశాక పూయి."

"అంటే పనిచేసినట్టేనా?"

"ఒక్క ముక్కలో. నడుమ."

"నీ నోట ఇంత మంచిమాట ఎప్పుడూ వినలేదురా!"

డార్విన్‌లో నేను సముద్రమైనా చూడలేదు. రెండు కుండీల అడుగులు చూసి వెనుదిరిగాను. ప్రయాణం వృథా అని మాత్రం అనలేను.