నాపరాయి గుంతలో ఓబులేసు గొంతు

కర్నూలు నుంచి కడప బస్సు ఉదయం ఐదున్నరకు. కల్లూరులో షేర్ ఆటో ఎక్కి నేనూ మస్తానూ ఐదింటికల్లా బస్టాండు చేరుకున్నాం. మస్తాను నా స్నేహితుడు, ఒక ఇంటర్నెట్ సెంటరు చూసుకునేవాడు. ఆ ఏడాది మొదట్లో 'నాపరాయి' బ్యాండు తొలి ఆల్బం మేం విన్నది అక్కడే.

కమలాపురం వైపు రాళ్ల పాలిషింగు పని చేసే నలుగురు కుర్రాళ్లు కూడి, హార్డ్‌కోర్ మెటల్ అనే అరుపుల రాక్ సంగీతాన్ని మన సీమ మాటల్లో కట్టి, ఎనిమిది పాటలు రికార్డు చేశారు. షాపుల్లో దొరికేది కాదు. ఒకరి సీడీ నుంచి ఇంకొకరు కాపీ చేసుకోవాల్సిందే. మస్తాను ఆదోనికీ, నంద్యాలకీ ఎన్ని కాపీలు పంపాడో లెక్కలేదు. నేనైతే గాయకుడు ఓబులేసు అరుపులన్నీ అక్షరం పోకుండా నేర్చుకున్నాను. మిద్దె మీద సాధన చేస్తుంటే పక్కింటివాళ్లు మా అమ్మను పిలిచి, మీవాడికి ఏమైనా పట్టిందా అని అడిగారు.

అన్నిటికన్నా ఏడో పాట మమ్మల్ని వెంటాడేది. కోసిగి నుంచి వలసపోయిన కూలీ తిరిగొచ్చి, తాళం వేసిన ఇంటి ముందు నిలబడతాడు. డ్రమ్ము ఒక్కసారి మోగి ఆగిపోతుంది. తర్వాత ఏ వాయిద్యమూ లేకుండా ఓబులేసు మామూలు గొంతు వినిపిస్తుంది: "తలుపు తీయిమా, నేనొచ్చినా." ఆ తర్వాతే అరుపు.

ఆ ఆదివారం కమలాపురం దగ్గర పాత రాతిగనిలో అభిమానుల కోసం బ్యాండు వాయిస్తుందని ఇంటర్నెట్‌లో కబురు వచ్చింది. అందుకే ఈ ప్రయాణం.

ఏడున్నరకు నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అక్కడ ఎక్కిన ఒక పెద్దమనిషి మా పక్కన కూర్చున్నాడు. బండల వ్యాపారం చేసే శెట్టిగారు. ఏం వింటున్నారని అడిగితే మస్తాను ఒక ఇయర్‌ఫోను ఆయన చెవికి అందించాడు. ఒక్క నిమిషం విని తీసేశాడు.

"ఏమప్పా, ఆ మనిషిని ఎవురన్నా కొడతాండారా?"

పాటేనని చెప్పి, ఎక్కడికి వెళ్తున్నామో కూడా చెప్పాం. ఆయనకు ఆ గని తెలుసు. పని నడిచిన రోజుల్లో కూడా అందులో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదట. ఎందుకని అడిగితే, పిలిచినవాడి గొంతుతోనే ఇంకేదో పలుకుతుందని భయమట. మైదుకూరులో దిగేటప్పుడు, "ఎండ శానా ఉంటుంది, నీళ్లు పట్టుకపోండి" అన్నాడు.

పదకొండుకు కడప. అక్కడి నుంచి ఇంకో బస్సులో గంటలోపే కమలాపురం. తర్వాత ఆటో. రోడ్డు మీద దిగి రాతి ముక్కల గుట్టల మధ్య పావుగంట నడవాలి. వెళ్లాలనుకునేవాళ్లు చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి.

గని మెట్లుమెట్లుగా లోపలికి దిగి ఉంది. అడుగున ఒక మూల పచ్చటి నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. పిట్ట లేదు, నీడ లేదు. నల్ల చొక్కాలు వేసుకున్న నలభైమంది దాకా అప్పటికే బండల మీద కూర్చుని ఉన్నారు. ప్రొద్దుటూరు, అనంతపురం, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో. అంతమంది ఉన్నా ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. గొంతు పెంచితే మాట గోడకు తగిలి, ఆలస్యంగా, ఇంకెవరో అన్నట్టు తిరిగొస్తోంది.

ఓబులేసు సన్నగా ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి తువ్వాలు. మొదటి పాట మొదలవగానే మేమంతా లేచి ముందుకు తోసుకెళ్లాం. అదే గొంతు, అదే అరుపు. నేను ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు పెద్దగా తెరుచుకుంది, కళ్లు ఎర్రబడ్డాయి. కానీ ఊపిరి నోట్లోంచి రావడం లేదు. మెడ దగ్గర తువ్వాలు లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది.

పాట అయ్యాక డ్రమ్ములు వాయించే బాషా మైకు తీసుకున్నాడు. ఆల్బం పూర్తయిన రెండు నెలలకు ఓబులేసు గొంతులో గడ్డ బయటపడిందనీ, ఆపరేషనులో స్వరపేటిక మొత్తం తీసేసి ఊపిరికి మెడలో రంధ్రం పెట్టారనీ, ఇక జన్మలో మాట రాదనీ చెప్పాడు. స్పీకర్లలో వచ్చే ఆ గొంతు రికార్డు. మీరు వింటుంటే ఒక్కసారి నిలబడాలని వాడే అడిగాడు, ఇష్టం లేనివాళ్లు పోవచ్చు అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. రెండో పాట నుంచి నలభై గొంతులూ ఆయనతో కలిసి అరిచాయి. ఓబులేసు ఏడుస్తూ నోరు కదుపుతున్నాడు.

ఏడో పాటకు డ్రమ్ము మోగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

స్పీకర్లు చచ్చిపోయాయి. ఓబులేసు నోరు తెరిచి అలాగే ఉన్నాడు. ఆ ఖాళీని భరించలేకనో, ఇన్ని నెలల అలవాటుతోనో, నా నోటి నుంచి ఆ మాట వచ్చేసింది, అచ్చం ఆయన గొంతుతో.

"తలుపు తీయిమా, నేనొచ్చినా."

గోడలు ఒకసారి అన్నాయి. కాస్త ఆగి ఇంకోసారి అన్నాయి. పైన, గని అంచు అవతలి నుంచి ఒక ఆడమనిషి జవాబిచ్చింది.

"వస్తాండాలే నాయనా, ఉండు."

ఆమె ఓబులేసు తల్లి. మా అందరికీ సంగటి వండి తెచ్చి, పైన బ్యాండు సాధన చేసే రేకుల షెడ్డులో కూర్చుని ఉందట. చెప్పుల్లేకుండా కాలే బండల మీద దిగి వస్తుంటే అందరం పక్కకు జరిగి దారిచ్చాం. కొడుకు ముఖం చూసింది, తువ్వాలు చూసింది. ఓబులేసు నావైపు చెయ్యి చూపించాడు.

ఇంకోసారి అనమని ఆమె నన్ను అడిగింది. నేను ఓబులేసు వైపు చూశాను. ఆయన చాలాసేపు తల దించుకుని, చివరికి సరే అన్నట్టు ఊపాడు. అన్నాను. సరిగ్గానే అన్నానని నాకు తెలుసు. ఆమె నా గొంతు మీద రెండు వేళ్లు పెట్టి విన్నది.

"ఇందాక పలికింది నువ్వు గాదులే నాయనా," అంది. "దా, సంగటి తిందువు."

షెడ్డులో సంగటి, నంచుకోను చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. బాషా పక్కన కూర్చుని, "నువ్వు మాతో ఉండిపో అప్పా. వాని గొంతు నీకాడ ఉండాది" అన్నాడు. షెడ్డు ఫోను నంబరు చీటీ మీద రాసిచ్చాడు. ఆరు నెలలుగా నేను కలలుగన్నది ఆ మాట కోసమే. ఆలోచించి చెబుతానన్నాను.

నాలుగున్నరకు కడపలో కర్నూలు బస్సు ఎక్కాం. మైదుకూరు దాటాక మస్తాను నెమ్మదిగా, గనిలో మొదటిసారి అన్నది నువ్వేనా అని అడిగాడు. నేనేనన్నాను. వాడు ఇయర్‌ఫోన్లు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆరున్నరకు ఆళ్లగడ్డలో టీకి ఆగినప్పుడు కాయిన్ ఫోనులో రూపాయి వేసి ఆ నంబరు తిప్పాను. చాలాసేపు మోగాక ఎవరో తీశారు. హలో అన్నాను. మాట లేదు. సన్నటి ఊపిరి, ఈల వేసినట్టు, వస్తూ పోతూ ఉంది. ఎవరో అర్థమైంది.

"నేను పాడను అన్నా. ఆ గొంతు నీది," అన్నాను.

అవతల గోరుతో ఫోను మీద రెండుసార్లు తట్టిన చప్పుడు. సరే అన్నాడో, వద్దన్నాడో. ఇంకో రూపాయి వేసి ఊపిరి వింటూ నిలబడ్డాను. డ్రైవరు హారను కొట్టేదాకా ఇద్దరం ఫోను పెట్టలేదు.