ముందు నువ్వెక్కు సారూ

సిరిసిల్లలో నేను మున్సిపల్ ఇంజనీరుగా ఉన్నప్పుడు చక్రాల కుర్చీలో తిరిగే ఒక అక్క ఉండేది. మరమగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఎక్కడ మెట్లు కనపడినా తన కుర్చీ చూపించి ఒకటే మాట అనేది: "ముందు నువ్వెక్కు సారూ." బ్యాంకు మేనేజరుకైనా అదే, తహసీల్దారుకైనా అదే.

మా ఆఫీసు ముందు నేను ర్యాంపు కట్టించాను. మా బండ్లు నిలిపే చోటు పోకూడదని దాన్ని పొట్టిగా, నిటారుగా కట్టించి, పైగా మురిసిపోయాను. అక్క ఒకసారి చూసింది. కింది మెట్టు మీదికి జరిగి కూర్చుని, కుర్చీ నా ముందుకు తోసింది. నవ్వుతూ అందులో కూర్చుని, చక్రాలు తిప్పుకుంటూ ర్యాంపు ఎక్కాను. సగం దూరం పోయేసరికి వెనక్కి జారాను. అటెండరు పట్టుకోకపోతే రోడ్డు మీద పడేవాణ్ణి.

ఆమె నవ్వలేదు. నన్ను పక్క వీధిలోని మగ్గాల షెడ్డుకు తీసుకుపోయింది. గుమ్మం ముందు వాలు తక్కువగా పొడుగాటి బాట ఉంది. నూలు చుట్టిన బరువైన బీమును ఇద్దరు మనుషులు దాని మీద తాపీగా లోపలికి దొర్లిస్తున్నారు.

"బీము జారితె పోగులు ఖరాబైతయని ఎంత తక్కువ వాలుగ కట్టుకున్నమో సూడు. నేను బీమంత గూడ కానా సారూ?"

టేపు తెప్పించి ఆ బాటనే కొలుచుకున్నాను.

రెండో ర్యాంపు కోసం నా బండితో సహా అందరి బండ్లూ రోడ్డవతలికి పోయాయి. పూర్తయిన రోజు అక్కను పిలిస్తే మళ్లీ అదే మాట. ఈసారి ఆమె కుర్చీలో ఎవరూ తోయకుండానే పైకి చేరాను. అందరూ చప్పట్లు కొడుతుంటే దర్జాగా అక్కడే కూర్చున్నాను.

కింది మెట్టు మీంచి అక్క కేకేసింది.

"ఎక్కింది సాలు గని దిగు సారూ! నా బండి నాకియ్యి, లోపట నాకు పనుంది."